దివ్యాంగుల పింఛన్‌: ఎవరికి ఇవ్వాలో సర్కారుకు సలహా ఇచ్చేదెవరు? ఆ పేర్లు మనకు ఎందుకు తెలియాలి?

ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం సిబ్బంది తలుపు తడతారు. వేలిముద్ర తీసుకుంటారు. చేతిలో డబ్బు పెడతారు. ఏపీలో లక్షల దివ్యాంగుల కుటుంబాలకు నెల మొదలయ్యేది ఇలాగే. కానీ ఒక నెల డబ్బుకు బదులు నోటీసు వస్తే? 'మీ వైకల్యం 40 శాతం కంటే తక్కువ' అని అందులో రాసి ఉంటే?

2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఇళ్లలో జరిగింది ఇదే. ఆ గొడవలో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే.. 'నా పింఛన్ ఎందుకు తీసేశారు?' అది అడగాల్సిన ప్రశ్నే. అయితే దాని వెనకాల ఇంకో ప్రశ్న ఉంది. అది పెద్దగా వినిపించలేదు. ఈ రూల్ పెట్టమని, ఈ లెక్క ఇలా కట్టమని ప్రభుత్వానికి సలహా ఇచ్చింది ఎవరు? ఆ గదిలో కూర్చున్న వాళ్ల పేర్లు మనకు తెలుసా? అందులో ఒక్క దివ్యాంగుడైనా ఉన్నారా?

ముఖ్యాంశాలు ఇవీ..

- ప్రభుత్వానికి సలహా ఇచ్చే కమిటీల వివరాలను ఎవరూ అడగకుండానే బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం 2005లోనే చెప్పింది.
- దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రతి రాష్ట్రంలో సలహా మండలి ఉండాలి. ఆరు నెలలకోసారైనా సమావేశం కావాలి.
- వైకల్యం శాతం ఎలా లెక్కపెట్టాలో చెప్పే మార్గదర్శకాల తయారీలో దివ్యాంగులు ఉండాలన్న షరతు మాత్రం చట్టంలో లేదు.
- సలహాలను, నివేదికలను దాచిపెట్టిన బ్రిటన్ ప్రభుత్వం పార్లమెంటులో, కోర్టులో ఎదురుదెబ్బలు తింది.

అసలు ఏపీలో ఏం జరిగింది?

2024 జులై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛన్ 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. మంచానికే పరిమితమైన తీవ్ర కేసుల్లో 5,000 నుంచి 15,000 రూపాయలైంది. దేశంలో మరే పెద్ద రాష్ట్రంలోనూ ఈ స్థాయి మొత్తం కనిపించదు. పక్కనే ఉన్న తెలంగాణలో 2023 నుంచి దివ్యాంగులకు ఇస్తున్నది 4,016 రూపాయలు. ఇక కేంద్రం తన ఇందిరాగాంధీ పథకం కింద ఇచ్చేది నెలకు 300 రూపాయలే. అది కూడా 80 శాతం వైకల్యం ఉండి, పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకే.

మొత్తం పెరిగింది కాబట్టి తనిఖీ కూడా పెరిగింది. 2025 మొదట్లో ఏపీ ప్రభుత్వం పింఛన్‌దారులకు మళ్లీ వైద్య పరీక్షలు పెట్టింది. నకిలీ సదరం సర్టిఫికెట్లతో అనర్హులు పింఛన్ తీసుకుంటున్నారన్నది సర్కారు వాదన. ఆ వాదనను కొట్టిపారేయలేం. దొంగ సర్టిఫికెట్ల సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. అలాంటివి ఎక్కువైతే నష్టపోయేది నిజమైన దివ్యాంగులే.

కానీ ఆగస్టులో నోటీసులు అందాక కథ మారింది. ఏళ్ల తరబడి పింఛన్ తీసుకుంటున్నవాళ్లు, చూడగానే వైకల్యం కనిపించేవాళ్లు కూడా నోటీసు పట్టుకుని కలెక్టరేట్ల ముందుకు వచ్చారు. అప్పటిదాకా 60, 70 శాతం ఉన్న సర్టిఫికెట్ ఒక్కసారిగా 40 కిందికి ఎలా పడిందని అడిగారు. ఆందోళనలు పెరగడంతో, అప్పీలు చేసుకున్నవాళ్లకు పింఛన్ ఆగదని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కాలు అదే. కన్ను అదే. మనిషీ అదే. మారింది అంకె ఒక్కటే. మరి ఆ అంకెను తేల్చే కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

ఆ 40 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకుముందున్న 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. కొత్త చట్టం వాటిని 21కి పెంచింది. 40 శాతం, ఆపైన ఉంటే దాన్ని ప్రామాణిక వైకల్యంగా గుర్తిస్తారు. రిజర్వేషన్లకు, చాలా పథకాలకు ఇదే గీటురాయి. 39 వస్తే బయట, 40 వస్తే లోపల. ఒక్క శాతం తేడాతో ఏపీలో ఏడాదికి 72,000 రూపాయలు వస్తాయి, లేదంటే పోతాయి.

మరి 39 ఎప్పుడు, 40 ఎప్పుడు? అది చట్టంలో లేదు. దానికోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇస్తుంది. 2018 జనవరిలో ఒకసారి ఇచ్చింది. 2024 మార్చిలో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. ఏ వేలు లేకపోతే ఎంత శాతం, కీలు ఎంత బిగుసుకుపోతే ఎంత, చూపు ఎంత తగ్గితే ఎంత, మానసిక అనారోగ్యాన్ని ఎలా కొలవాలి.. ఇవన్నీ అందులో ఉంటాయి. సదరం క్యాంపులో డాక్టర్ మీ కాలు చూసి వేసే అంకె ఆ పుస్తకంలోని పట్టికల నుంచే వస్తుంది.

ఇప్పుడు అసలు మెలిక చూడండి. ఇదే చట్టంలో సెక్షన్ 33 ఉంది. దివ్యాంగులకు ఏ ఉద్యోగాలు కేటాయించాలో తేల్చడానికి ఒక నిపుణుల కమిటీ వేయాలని, అందులో దివ్యాంగులకు ప్రాతినిధ్యం ఉండాలని అది స్పష్టంగా చెబుతుంది. కానీ వైకల్యం శాతం కొలిచే మార్గదర్శకాల గురించి చెప్పే సెక్షన్ 56 చాలా చిన్నది. కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు నోటిఫై చేయాలి.. అంతే. ఎవరిని అడగాలి, కమిటీలో ఎవరుండాలి అన్న మాటే అందులో లేదు.

అంటే ఉద్యోగం విషయంలో దివ్యాంగుడు గదిలో ఉండాలి. కానీ అసలు అతను దివ్యాంగుడా కాదా అని తేల్చే లెక్క రాసేటప్పుడు ఉండాలన్న షరతు లేదు. డాక్టర్లకు శరీరం గురించి తెలుసు. కాదనేవాళ్లు లేరు. కానీ ఆ శరీరంతో బస్సెక్కడం, పొలం పని చేయడం, మెట్లున్న ఆఫీసుకు వెళ్లడం ఎలా ఉంటుందో అనుభవించేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పట్టికలో 35 శాతం అని తేలిన చెయ్యి ఒక గుమస్తాకు పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. తాపీ మేస్త్రీకి అదే చెయ్యి అంటే బతుకు ఆగిపోవడమే.

చట్టం చెబుతున్నది ఇదీ..

సలహాదారుల విషయంలో మన దేశంలో చట్టాలు లేక కాదు. చూస్తే ఆశ్చర్యపోతారు.. కాగితం మీద మన దగ్గర ఉన్నది చాలా దేశాల్లో లేదు.

మొదటిది సమాచార హక్కు చట్టం. ఆర్టీఐ అనగానే మనకు దరఖాస్తు, పది రూపాయల ఫీజు గుర్తొస్తాయి. కానీ ఆ చట్టానికి గుండెకాయ లాంటిది సెక్షన్ 4. ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను బయటపెట్టాల్సిన వివరాల జాబితా అందులో ఉంది. సెక్షన్ 4(1)(బి)లో ఎనిమిదో అంశం ఏం చెబుతుందంటే.. సలహా కోసం ఏర్పాటు చేసిన బోర్డులు, మండళ్లు, కమిటీల వివరాలు ప్రచురించాలి. వాటి సమావేశాలకు జనం వెళ్లొచ్చో లేదో చెప్పాలి. మినిట్స్ జనానికి అందుబాటులో ఉన్నాయో లేదో కూడా చెప్పాలి. ఇద్దరు సభ్యులున్న కమిటీకి కూడా ఇది వర్తిస్తుంది.

దాని ముందున్న ఏడో అంశం.. విధానాలు రూపొందించేటప్పుడు ప్రజలను సంప్రదించే ఏర్పాటు ఏదైనా ఉంటే ఆ వివరాలు చెప్పమంటుంది. సెక్షన్ 4(1)(సి) ఇంకో అడుగు ముందుకేస్తుంది. ముఖ్యమైన విధానాలు తయారు చేసేటప్పుడు, జనంపై ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ ప్రచురించాలి అంటుంది.

రెండోది దివ్యాంగుల హక్కుల చట్టం. సెక్షన్ 60 కింద కేంద్ర సలహా మండలి, సెక్షన్ 66 కింద రాష్ట్ర సలహా మండలి ఉండాలి. రాష్ట్ర మండలికి సంబంధిత శాఖ మంత్రే అధ్యక్షుడు. అధికారులు, నిపుణులతో పాటు దివ్యాంగుల సంఘాల తరఫున పది మంది, వీలైనంతవరకు దివ్యాంగులే, సభ్యులుగా ఉండాలి. ఆరు నెలలకోసారైనా సమావేశం జరగాలి. జిల్లా స్థాయిలో కూడా కమిటీలు ఉండాలని సెక్షన్ 72 చెబుతుంది. దివ్యాంగులకు సంబంధించిన విధానాలపై ప్రభుత్వానికి సలహా ఇవ్వడమే ఈ మండలి పని.

మూడోది అంతర్జాతీయ ఒప్పందం. ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లోనే ఆమోదించింది. తమకు సంబంధించిన చట్టాలు, విధానాల తయారీలో దివ్యాంగులను వాళ్ల సంఘాల ద్వారా దగ్గరగా సంప్రదించాలని, చురుగ్గా భాగం చేయాలని ఆర్టికల్ 4(3) చెబుతుంది.

ఈ మూడూ కలిపి చూస్తే విషయం తేలిపోతుంది. పింఛన్ తనిఖీ లాంటి పెద్ద నిర్ణయానికి ముందు రాష్ట్ర సలహా మండలి కూర్చోవాలి. ఎవరు కూర్చున్నారో, ఏం మాట్లాడారో జనానికి తెలియాలి. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. చట్టం ఇచ్చినదే.

సలహా అడిగినట్టే అడిగి..

సలహా అడగడం వేరు, నచ్చిన వాళ్లను మాత్రమే అడగడం వేరు. 2020లో ఢిల్లీలో జరిగిన ఒక విషయం దీనికి మంచి ఉదాహరణ.

కరోనా రోజులవి. ఆ జులైలో కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం ఒక ప్రతిపాదన తెచ్చింది. దివ్యాంగుల హక్కుల చట్టంలో కొన్ని నేరాలకున్న శిక్షల తీరును సడలించాలన్నది దాని సారాంశం. బహిరంగంగా ఒక దివ్యాంగుడిని అవమానించడం లాంటివి కూడా అందులో ఉన్నాయి. అభిప్రాయం చెప్పమని ఎంపిక చేసిన కొన్ని సంస్థలకే లేఖ వెళ్లింది. గడువు పది రోజుల లోపే.

విషయం బయటికి పొక్కింది. దేశవ్యాప్తంగా దివ్యాంగుల సంఘాలు భగ్గుమన్నాయి. మమ్మల్ని ఎందుకు అడగలేదు, వాళ్లనే ఎందుకు అడిగారు అని నిలదీశాయి. చివరికి ఆ నెలలోనే కేంద్రం వెనక్కి తగ్గింది.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే.. ఎవరిని అడిగారన్నది తెలిసింది కాబట్టే జనం ప్రశ్నించగలిగారు. అది తెలియకపోయి ఉంటే 'సంస్థలను సంప్రదించాం' అన్న ఒక్క వాక్యంతో పని అయిపోయేది. ఆ వాక్యం ప్రతి ఫైల్లోనూ ఉంటుంది. దాని వెనక పేర్లు ఉంటేనే దానికి విలువ.

బ్రిటన్‌కు తగిలిన దెబ్బ

ఇదేదో మన దేశంలోనే ఉన్న జబ్బు అనుకోవద్దు. దివ్యాంగుల భత్యాల మీద ఇదే ప్రశ్న బ్రిటన్‌ను ఇరవై ఏళ్లుగా వెంటాడుతోంది. అక్కడ ఏం జరిగిందో తెలిస్తే మన దగ్గర ఏం అడగాలో అర్థమవుతుంది.

2004లో కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో వైకల్యం మీద ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. దానికి డబ్బు పెట్టింది యూనమ్‌ప్రావిడెంట్ అనే బీమా కంపెనీ. వైకల్య బీమా అమ్మడమే దాని వ్యాపారం. బ్రిటన్ సంక్షేమ శాఖకు ముఖ్య వైద్య సలహాదారుగా చేసిన వ్యక్తే తర్వాత ఆ కేంద్రానికి సారథి అయ్యారు. ఆ తర్వాత 2008లో పని చేసే సామర్థ్యాన్ని కొలిచే కొత్త పరీక్ష అక్కడ అమల్లోకి వచ్చింది. లక్షల మంది ఆ పరీక్షకు హాజరు కావాల్సి వచ్చింది. ఇందులో చట్టవిరుద్ధంగా ఏదో జరిగిందని చెప్పడం లేదు. కానీ క్లెయిమ్‌లు తగ్గితే లాభపడే కంపెనీకి, సర్కారు విధానం వెనకున్న ఆలోచనకు మధ్య బంధం ఉందా అన్న అనుమానం దివ్యాంగుల్లో నాటుకుపోయింది. నేటికీ పోలేదు. ఎవరు ఎవరి డబ్బుతో సలహా ఇస్తున్నారో ముందే తేటతెల్లంగా చెప్పి ఉంటే ఆ అనుమానానికి అంత బలం ఉండేది కాదు.

తర్వాతి దెబ్బ ఒక నివేదిక విషయంలో. భత్యాల డబ్బు దివ్యాంగులకు సరిపోతోందా అని అక్కడి సంక్షేమ శాఖ ఒక పరిశోధన సంస్థతో అధ్యయనం చేయించింది. 2020లో నివేదిక చేతికొచ్చింది. తక్కువ ఆదాయం ఉన్న కొందరికి తిండి, ఇంటి అద్దె, చలికాచుకునే ఖర్చులకు కూడా ఆ డబ్బు చాలడం లేదని అందులో ఉంది. శాఖ దాన్ని తొక్కిపెట్టింది. చివరికి పార్లమెంటరీ కమిటీ తన అధికారాన్ని ఉపయోగించి, నేరుగా ఆ పరిశోధన సంస్థ నుంచే నివేదిక తెప్పించుకుని 2022 ఫిబ్రవరిలో ప్రచురించింది. అప్పుడు ఆ కమిటీ ఛైర్మన్ లేబర్ ఎంపీ స్టీఫెన్ టిమ్స్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

2025 జనవరిలో కోర్టు వంతు. 2023లో ఎనిమిది వారాల లోపే ముగించేసిన ఒక ప్రజాభిప్రాయ సేకరణను లండన్ హైకోర్టు తప్పుపట్టింది. ఎల్లెన్ క్లిఫర్డ్ అనే దివ్యాంగుల హక్కుల కార్యకర్త వేసిన కేసు అది. మార్పుల వల్ల చాలామంది నెలకు 400 పౌండ్లకు పైగా నష్టపోతారన్న సంగతి జనానికి సరిగ్గా చెప్పలేదని, ఖర్చు తగ్గించుకోవడమే ముఖ్య కారణమన్నది దాచారని కోర్టు తేల్చింది. ఆ సేకరణే చట్టవిరుద్ధం అంది.

ఇంత జరిగాక కూడా పాఠం నేర్చుకున్నారా? 2025 మార్చిలో కొత్త లేబర్ ప్రభుత్వం 'పిప్' అని పిలిచే వ్యక్తిగత స్వావలంబన భత్యాన్ని కఠినం చేస్తామని పత్రం విడుదల చేసింది. సుమారు 37 లక్షల మంది తీసుకునే భత్యం అది. అభిప్రాయాలు చెప్పమన్నారు. తీరా చూస్తే, 'పిప్' అర్హతను కఠినం చేసే కీలక ప్రతిపాదన మీదే అభిప్రాయం అడగలేదు. ఈ మార్పులతో రెండున్నర లక్షల మంది పేదరికంలోకి జారతారని ప్రభుత్వ అంచనాలే చెప్పాయి. సొంత పార్టీ ఎంపీలు 120 మందికి పైగా అడ్డం తిరిగారు. జులై 1న, సభలో చర్చ నడుస్తుండగానే, 'పిప్' కోతను వెనక్కి తీసుకుంటున్నట్టు మంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఆ ప్రకటన చేసిన మంత్రి ఎవరో తెలుసా? స్టీఫెన్ టిమ్సే. దాచిన నివేదికను నాడు బయటికి లాగిన మనిషి, నేడు సర్కారు తరఫున నిలబడి సమాధానం చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత 'పిప్' భవిష్యత్తు మీద ఆయన నాయకత్వంలోనే సమీక్ష పెట్టారు. ఈసారి పద్ధతి మారింది. దివ్యాంగులతో కలిసి చేస్తామన్నారు. సమీక్ష పరిధి ఏంటో ప్రచురించారు. టిమ్స్‌తో పాటు షారన్ బ్రెనన్, క్లెంటన్ ఫార్కర్సన్‌లను సహాధ్యక్షులుగా పేర్లతో సహా ప్రకటించారు. ఫలితం ఎలా ఉంటుందన్నది వేరే సంగతి. కానీ మూడు ఎదురుదెబ్బల తర్వాత అక్కడి ప్రభుత్వానికి అర్థమైంది ఇదే.. ఎవరు సలహా ఇస్తున్నారో చెప్పకుండా కోత పెడితే, ఆ కోత నిలబడదు.

పేర్లు చెప్తే ఇబ్బందా?

ప్రభుత్వం వైపు నుంచి కూడా ఆలోచించాలి. పేర్లు బయటపెట్టడానికి అధికారులు వెనకాడటానికి కొన్ని కారణాలు చెబుతారు. వాటిలో కొంత నిజం లేకపోలేదు.

ఒకటి, ఒత్తిడి. కమిటీలో ఫలానా డాక్టర్ ఉన్నారని తెలిస్తే ఆయన ఇంటి ముందు క్యూ కడతారు, లేదా బెదిరిస్తారు. సదరం క్యాంపుల్లో పనిచేసే డాక్టర్ల విషయంలో ఇది నిజమైన సమస్యే. కానీ ఇక్కడ రెండు పనులను విడదీసి చూడాలి. ఒక మనిషిని పరీక్షించి శాతం వేసే డాక్టర్ వేరు. రాష్ట్రం మొత్తానికి రూల్ ఎలా ఉండాలో చెప్పే సలహాదారు వేరు. మొదటివారికి రక్షణ కావాలి. రెండోవారు ప్రజల తరఫున పనిచేస్తున్నారు, కాబట్టి ప్రజలకు కనిపించాలి.

రెండు, మనసు విప్పి మాట్లాడలేరన్నది. ప్రతి మాటా బయటికి వస్తుందంటే నిపుణులు జంకుతారు అంటారు. సరే, ఎవరు ఏ మాట అన్నారో రికార్డు చేయాల్సిన పనిలేదు. సభ్యులెవరు, ఏ తేదీన కూర్చున్నారు, చివరికి ఏం సిఫారసు చేశారు.. ఈ మూడూ చెబితే చాలు. కేబినెట్ పత్రాలకు మినహాయింపు ఇచ్చిన సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(ఐ) కూడా, నిర్ణయం పూర్తయ్యాక దాని కారణాలు, ఆధారమైన సమాచారం బయటపెట్టాలనే అంటుంది.

మూడోది కొత్తగా వచ్చింది. వ్యక్తిగత సమాచారం. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆర్టీఐలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చేసింది. ఇంతకుముందు ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్నే నిరాకరించే వీలుండేది. మార్పు తర్వాత 'వ్యక్తిగత సమాచారం' అన్న ఒక్క మాట మిగిలింది. కమిటీ సభ్యుల పేర్లు కూడా వ్యక్తిగతమే అని రేపు ఒక అధికారి రాసి పంపితే? ఆర్టీఐ కార్యకర్తల భయం ఇదే. అయితే దారులు పూర్తిగా మూసుకుపోలేదు. నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని చెప్పే సెక్షన్ 8(2) ఇంకా ఉంది. కమిటీల వివరాలు ప్రచురించమనే సెక్షన్ 4 కూడా అలాగే ఉంది.

ఇంకో కోణం కూడా ఉంది. పింఛన్ తీసుకునే దివ్యాంగుడి ఆధార్, వేలిముద్ర, జబ్బు, ఆదాయం, ఇంటి కరెంటు బిల్లు.. అన్నీ సర్కారు దగ్గర ఉంటాయి. గ్రామంలో లబ్ధిదారుల జాబితా గోడకెక్కుతుంది. ఆరు వేల రూపాయలు తీసుకునేవారి బతుకంతా తెరిచిన పుస్తకమైనప్పుడు, ఆ ఆరు వేలు ఉంచాలా తీసేయాలా అని సలహా ఇచ్చేవారి పేరు మాత్రం రహస్యం ఎలా అవుతుంది?

అసలు ఏం తెలిస్తే చాలు?

పెద్ద పెద్ద నివేదికలు అక్కర్లేదు. ఒక్క పేజీలో పట్టే వివరాలు చాలు.

మొదట, సభ్యుల పేర్లు, వాళ్లు ఏ హోదాలో ఉన్నారు. డాక్టరా, అధికారా, దివ్యాంగుల సంఘం ప్రతినిధా, కన్సల్టెన్సీ కంపెనీ మనిషా. రెండు, వాళ్లలో దివ్యాంగులు ఎందరు, ఏ రకం వైకల్యం ఉన్నవాళ్లకు ప్రాతినిధ్యం ఉంది. చూపులేనివాళ్ల సమస్య వేరు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సమస్య వేరు, తలసేమియా రోగి సమస్య వేరు. ఒకరు మాట్లాడితే అందరూ మాట్లాడినట్టు కాదు. మూడు, సాఫ్ట్‌వేర్, వైద్య పరీక్షలు, బీమా లాంటి వాటితో ఎవరికైనా వ్యాపార సంబంధం ఉందా. నాలుగు, ఎప్పుడెప్పుడు కూర్చున్నారు. ఐదు, ఏం సిఫారసు చేశారు, అందులో సర్కారు ఏది తీసుకుంది, ఏది పక్కన పెట్టింది.

దీనివల్ల ప్రభుత్వానికీ లాభమే. రేపు కోర్టుకు వెళ్లినా, అసెంబ్లీలో నిలదీసినా 'ఇదిగో, వీళ్లను అడిగాం, ఇలా చెప్పారు' అని చూపించొచ్చు. దొంగ సర్టిఫికెట్లను ఏరేయడానికి దివ్యాంగుల సంఘాలే ముందుకొస్తాయి. ఎందుకంటే ఏ ఊళ్లో ఎవరిది నిజమో, ఎవరిది నాటకమో వాళ్లకు తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియదు. ముందే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే, నోటీసు ఇచ్చాక వెనక్కి తగ్గాల్సిన పరిస్థితి వచ్చేదే కాదేమో!

మీరు ఏం చేయొచ్చు?

ఇది చదువుతున్న మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పింఛన్ తీసుకునే దివ్యాంగులు ఉండొచ్చు. నోటీసు వస్తే అప్పీలు చేసుకోవడం ఎలాగూ తప్పదు. దాంతోపాటు ఇంకో కాగితం కూడా పెట్టొచ్చు.

రాష్ట్ర దివ్యాంగుల సంక్షేమ శాఖలోని ప్రజా సమాచార అధికారికి ఆర్టీఐ దరఖాస్తు పంపండి. తెలుగులోనే రాయొచ్చు. తెల్లరేషన్ కార్డు లాంటి పేదరికం ధ్రువపత్రం ఉంటే ఫీజు అక్కర్లేదు. అడగాల్సినవి ఇవి.. సెక్షన్ 66 కింద ఏర్పాటైన రాష్ట్ర సలహా మండలి సభ్యుల జాబితా ఇవ్వండి. గత రెండేళ్లలో జరిగిన సమావేశాల తేదీలు, మినిట్స్ ఇవ్వండి. పింఛన్ల తనిఖీ విధివిధానాలపై సలహా ఇచ్చిన కమిటీ ఏర్పాటు ఉత్తర్వు కాపీ ఇవ్వండి. మన జిల్లా కమిటీలో ఎవరెవరు ఉన్నారో చెప్పండి.

30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోయినా, నచ్చకపోయినా మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అదీ కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. రాయలేనివాళ్లు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారే సాయం చేయాలి. చూపు, వినికిడి లోపం ఉన్నవాళ్లకు సమాచారం అందేలా చూడాల్సిన బాధ్యత కూడా చట్టం ఆయన మీదే పెట్టింది.

'మా గురించి, మేం లేకుండా వద్దు' అన్నది ప్రపంచమంతా దివ్యాంగుల ఉద్యమం ఎత్తుకున్న నినాదం. అందులో గొంతెమ్మ కోరికేమీ లేదు. పక్క గదిలో మన బతుకు గురించి మాట్లాడుతున్నారంటే, లోపల ఎవరున్నారని అడగడం మన హక్కు. ఆ తలుపు మీద పేర్ల బోర్డు పెట్టమని చట్టమే చెప్పి ఇరవై ఏళ్లయింది. ఇక అడగాల్సింది మనమే.